పెదనాన్న రేకు పెట్టెలో మనియార్డరు చీటీలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పోయినవారి గురించే ఉన్నాయి. ఉద్యోగం చేసినన్నాళ్లూ విశాఖలో ఒక పత్రిక కార్యాలయంలో శ్రద్ధాంజలి ప్రకటనలు తీసుకునే బల్ల వెనక కూర్చున్నదాన్ని నేను. ఆ సంగతి ఈ శీర్షికలో ఎప్పుడో నోరుజారి చెప్పాను, అప్పటినుంచి పాఠకులు నన్ను వదలడం లేదు. నాలుగు ఉత్తరాలకు జవాబిస్తున్నాను. మొదటిదానికే ఎక్కువ చోటు పోయింది, మిగతావారు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: అమ్మగారూ, నమస్కారం. మా పెదనాన్న హిందూస్థాన్ షిప్‌యార్డులో వెల్డరుగా చేరి అక్కడే రిటైరయ్యారు. వాళ్లకు పిల్లలు లేరు. మా నాన్న చిన్న వయసులోనే పోతే నన్నూ తమ్ముణ్ణీ చదివించింది ఆయనే. నిరుడు ఆషాఢంలో కాలం చేశారు. సంవత్సరీకానికి ఒక చిన్న పుస్తకం వేసి వచ్చినవారికి ఇద్దామని బాబాయి అన్నారు. రాసే పని నాకు అప్పగించారు. కాగితం ముందు కూర్చుంటే ‘మంచి మనిషి, దానశీలి, అజాతశత్రువు’ తప్ప ఇంకేమీ రావడం లేదు. పెద్దమ్మను అడిగితే ‘చెప్పడానికి ఏముంది, ఉన్నది ఇచ్చేసేవారు, అంతే’ అంటుంది. హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు లేని రోజుల్లో మా వీధి మొత్తానికి మా ఇంటి నుయ్యే దిక్కయింది, అలాంటివి రాయవచ్చా? ఆయన రేకు పెట్టెలో మనియార్డరు కాగితాలు కట్టలకు కట్టలు ఉన్నాయి, పాతవి 1970ల నాటివి. వాటిని ఉంచాలా, పారేయాలా? ఇంకొక సంగతి. ఒక స్నేహితుడి అప్పుకు ఆయన హామీ సంతకం పెడితే, అతను ఎగ్గొట్టాడు. రెండు మూడేళ్లు పెదనాన్న జీతంలో కోత పడింది. అది రాయవద్దు, పరువు తక్కువ అంటున్నారు బాబాయి. మీరేమంటారు?
— ఒక సోదరి, గాజువాక

జవాబు: ఉత్తరం చూస్తే నాకు మనవరాలి వయసు ఉంటుందనిపించింది, అందుకే నువ్వు అంటున్నాను. పుస్తకం రావడం లేదని బాధపడుతున్నావు. పుస్తకం ఆ పెట్టెలో ఉంది, దాన్ని పారేయాలా అని నన్ను అడుగుతున్నావు! ముందు ఆ పెట్టెను తీసుకెళ్లి నీ మంచం కింద పెట్టుకో. ఇల్లు సర్దే ఉత్సాహం ఉన్న బంధువు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు.

నీ వయసువారు మనియార్డరు పంపి ఉండరు కాబట్టి అది ఎలా నడిచేదో చెబుతాను. మన దేశంలో తపాలా శాఖ 1880లో మొదలుపెట్టిన ఏర్పాటు అది. ఫారం నింపి, డబ్బు కట్టి, పైన కమిషను కట్టేవాళ్లం. నేను పంపిన రోజుల్లో వందకు ఐదు రూపాయలు. అంటే రసీదు మీద వంద అని ఉంటే పంపినవారి జేబులోంచి పోయింది నూట ఐదు. కిటికీ దగ్గర అప్పటికప్పుడు ఒక రసీదు ఇచ్చేవారు. ఫారానికి మరో రెండు ముక్కలు ఉండేవి. పోస్ట్‌మ్యాన్ గుమ్మం దగ్గర డబ్బు లెక్కపెట్టి ఇచ్చాక, సొమ్ము ముట్టినట్టు పుచ్చుకున్నవారి సంతకమో వేలిముద్రో ఒక ముక్క మీద వేయించుకునేవాడు. అది తిరిగి పంపినవారి దగ్గరికి వచ్చేది. రెండో ముక్క మీద పంపినవారు రెండు మూడు వాక్యాలు రాసుకోవచ్చు. ‘క్షేమం. పుస్తకాలు కొనుక్కో. బాగా చదువు.’ అది పుచ్చుకున్నవారి దగ్గరే ఉండిపోయేది.

ఇప్పుడు అర్థమైంది కదా? ఎవరికిచ్చారో నీ పెట్టెలో ఉంది. ఏమని రాసి ఇచ్చారో వాళ్ల ఇళ్లలో ఉంది.

ఒక ఆదివారం తలుపు వేసుకుని, నేల మీద దుప్పటి పరిచి ఆ కాగితాలు విప్పు. ఫ్యాను ఆపెయ్. కిటికీ రసీదులు ఒక పక్క, ముట్టినట్టు వచ్చిన చీటీలు ఒక పక్క. చీటీల మీద ఆ ఊరి తపాలా కార్యాలయం గుండ్రటి ముద్ర, అందులో తేదీ ఉంటాయి. సిరా వెలిసిపోయి ఉంటే పగటి వెలుతురులో వాలుగా పట్టుకుని చూడు, ఊరి పేరు కనిపిస్తుంది. పేర్లవారీగా విడదీసి, ఒక్కొక్కరివి తేదీల వరసలో పెట్టు. చూస్తుండగానే మనుషులు లేచి కూర్చుంటారు. ఏటా జూన్ నెలలో వెళ్లినది ఎవరి బడి ఫీజుకో అయి ఉంటుంది. నెలనెలా జీతాల రోజు దాటగానే వెళ్లినది ఏ ముసలితల్లికో. ఒకే ఒక్కసారి పెద్ద మొత్తం వెళ్లిందంటే పెళ్లో, ఆపరేషనో. ఇవన్నీ నీ ఊహలే, రాసేముందు నిర్ధారించుకోవాలి. కానీ ‘దానశీలి’ అని రాసుకుని కూర్చున్నదానివి, ఇప్పుడు కనీసం అడగడానికి ప్రశ్నలు దొరుకుతాయి.

ఇక జీతంలో కోత సంగతి. అది కచ్చితంగా రాయాలి. ఆ స్నేహితుడి పేరు మాత్రం వద్దు, అతనికీ పిల్లలుంటారు. మీ బాబాయిగారు పరువు అంటున్నారు. సంతకం పెట్టి మాట నిలబెట్టుకున్నవాడికి పరువు తక్కువ ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. పైగా నీకు దాంతో ఒక పని ఉంది. కోత పడిన ఆ రెండు మూడేళ్ల చీటీలు విడిగా తీసి చూడు. ఆగిపోయాయా? తగ్గాయా? లేక ఎప్పటిలాగే వెళ్లాయా? ఆగిపోయి ఉంటే ఆయన ఎంత నలిగి ఉంటారో, ఎవరి చదువు ఆగి ఉంటుందో అది ఒక కథ. ఆగలేదంటే అసలు కథ అప్పుడే మొదలవుతుంది. చేతికొచ్చే జీతం తగ్గింది, బయటికి వెళ్లే డబ్బు తగ్గలేదు. మరి తగ్గింది ఏది?

అది తెలిసినది మీ పెద్దమ్మకు ఒక్కదానికే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ బల్ల వెనక కూర్చుని నేను చదివిన వేల ప్రకటనల్లో దానకర్ణులు లెక్కలేనంత మంది. ఆ దానకర్ణుడి ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటితే పక్కింటికి గిన్నె పట్టుకెళ్లిన మనిషి గురించి ఒక్క వాక్యం కూడా ఉండేది కాదు. ఆయన వంద ఇచ్చాడు అంటే, ఆ వంద లేకుండా ఆవిడ ఇల్లు నడిపింది అని. ‘ఉన్నది ఇచ్చేసేవారు, అంతే’ అన్న ఆవిడ మాటలో ఆ ‘అంతే’ దగ్గర చాలా ఉంది. మెచ్చుకోలు మాత్రమే అయి ఉండదు. దాన్ని నువ్వు వినాలి. ఆ పుస్తకం సగం పెద్దమ్మదే. అట్ట మీద ఆయన ఫొటో ఒక్కటే వేస్తామంటే నేను ఒప్పుకోను, ఇద్దరూ ఉన్నది వెతుకు.

ఎలా అడగాలి? ‘పెదనాన్న ఎలాంటివారు?’ అని అడిగావు కాబట్టే ‘ఏముంది చెప్పడానికి’ అని వచ్చింది. అలా అడిగితే ఎవరైనా అలాగే అంటారు. ఎదురుగా కూర్చోవద్దు. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే నువ్వూ ఒక గుప్పెడు తీసుకుని పక్కన కూర్చో. ఫోనులో రికార్డింగు పెడుతున్నానని ముందే చెప్పు, దొంగతనంగా వద్దు. చేతికి అందే ప్రశ్నలు అడుగు. జీతం రోజున ఇంటికి రాగానే కవరు ఎవరి చేతిలో పెట్టేవారు? ఫారం ఇంట్లోనే నింపేవారా, తపాలా కార్యాలయంలోనా? మీకు చెప్పి పంపేవారా, పంపాక చెప్పేవారా? ఏ పండక్కి చీర కొనలేదు? ఎప్పుడైనా పోట్లాడారా? ఈ చివరి ప్రశ్న అడిగాక నోరు మూసుకుని చిక్కుడుకాయలు తీయి. పెద్దవాళ్లకు మాట దొరకడానికి కాస్త సమయం పడుతుంది, ఆ సందులో మనం ఇంకో ప్రశ్న దూర్చేస్తాం.

సంవత్సరాలు అడగవద్దు, ఎవరికీ గుర్తుండవు. ఊరికి జరిగిన వాటితో ముడిపెట్టి అడుగు. ఉక్కు కర్మాగారం కోసం గొడవలు జరిగిన 1966కు ఆయన యార్డులో చేరారా? ఇందిరా గాంధీ 1971 జనవరిలో శంకుస్థాపనకు వచ్చినప్పుడు పెళ్లయిందా? రామారావు ముఖ్యమంత్రి అయి రెండు రూపాయల కిలో బియ్యం వచ్చిన రోజుల్లో ఏ ఇంట్లో ఉన్నారు? బీచిలో కురుసుర జలాంతర్గామిని తెచ్చి పెట్టిన 2002 నాటికి రిటైరయ్యారా? ఇలా అడిగితే పెద్దమ్మకు సంవత్సరంతో పాటు ఆ ఇంటి గుమ్మం, పక్కింటివాళ్లు, అద్దె కూడా గుర్తొస్తాయి.

షిప్‌యార్డు చరిత్ర కొందరు పది పేజీలు నింపుతారు. నీకు పావు పేజీ చాలు. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా సంస్థ మొదలుపెట్టింది, 1948 మార్చి 14న ‘జలఉష’ను నెహ్రూ నీళ్లలోకి దింపారు, ఆ సింధియా పేరు ఇప్పటికీ మన సిటీ బస్సుల బోర్డుల మీద ఉంది. అంతే. మిగతా చోటు పెదనాన్నకు ఇవ్వు. ఏ ఓడల పనిలో ఉన్నారు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నారు, ఎవరికి నేర్పారు, చొక్కా చేతుల మీద నిప్పురవ్వలకు పడిన చిల్లులు పెద్దమ్మ ఎలా కుట్టేది. ఆయనతో పనిచేసినవాళ్లు మల్కాపురం, శ్రీహరిపురం వైపు ఇంకా ఉంటారు. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఒకరు దొరికితే మిగతావాళ్ల చిరునామాలు ఆయనే చెబుతారు.

ఇక ఆ చీటీల మీద ఉన్న ఊళ్లకు వెళ్లాలి. చీపురుపల్లో, చోడవరమో, పాలకొండో, అన్నీ తిరగలేవు. ఎక్కువ చీటీలు ఉన్న రెండు మూడు చోట్లకు వెళ్లు. వెళ్లగానే ‘మా పెదనాన్న మీకు డబ్బు పంపేవారు’ అని మొదలుపెట్టవద్దు. వసూలుకు వచ్చావనుకుంటారు, తలుపు సగమే తెరుచుకుంటుంది. ‘ఆయన పోయారు, మీకు చెప్పాలని వచ్చాను’ అను. తర్వాత వాళ్లే కుర్చీ వేస్తారు. ఆ రెండో ముక్క, ఆయన చేత్తో రాసినది, దాచుకున్నారేమో అడుగు. పది ఇళ్లలో తొమ్మిదింట ఉండదు. ఒక్కటి దొరికినా పుస్తకంలో ఫొటోగా వెయ్యి, ఆయన చేతిరాత ఉన్నదున్నట్టుగా.

వాళ్ల పేర్లు మాత్రం అడగకుండా అచ్చు వేయవద్దు. ఈరోజు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషికి, తన ఫీజు ఒక వెల్డరు కట్టాడని ఊరందరికీ తెలియడం ఇష్టం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ‘బొబ్బిలి దగ్గర ఒక ఊరి కుర్రాడు’ అంటే సరిపోతుంది. యాభై ఏళ్లు బయటికి చెప్పకుండా ఇచ్చిన మనిషి గుట్టు మనం సంవత్సరీకం నాడు రట్టు చేయకూడదు.

నుయ్యి గురించి తప్పకుండా రాయి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, ఆదివారం, మధ్యాహ్నానికి మన ఊరి మీదికి వచ్చింది. ఆ తర్వాత కరెంటు లేదు, మోటార్లు తిరగలేదు, పాల ప్యాకెట్టు దొరికితే పండగ. ఈ మాట అందరికీ తెలుసు. నీకు తెలిసినది వేరే. గిలక ఉందా, చేంతాడు పాతదా, కొత్తది ఎవరు తెచ్చారు? వరస ఎవరు పెట్టారు? మొదటి బిందె ఎవరికి? రాత్రిళ్లు గేటుకు తాళం వేశారా? నీళ్లు తోడింది ఎవరు? అప్పటికి ఆయనకు డెబ్బై దాటి ఉండాలి. గుమ్మంలో ఆ బురద కడిగింది ఎవరో కూడా రాయి, అది పెద్దమ్మే అని నాకు అనుమానం.

విశేషణాలు ఎన్ని వాడవచ్చు అని అడగలేదు కానీ చెబుతున్నాను, అసలు వాడవద్దు. నా బల్ల దగ్గరికి వచ్చిన ప్రకటనల్లో ఒక్కటి నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. పూర్ణా మార్కెట్‌లో కిరాణా వ్యాపారం చేసిన పెద్దాయన పోతే కొడుకు తెచ్చాడు. ఫొటో, పేరు, పెద్దకర్మ తేదీ, భోజనాల చోటు. అడుగున ఒక వాక్యం: ‘మా నాన్నగారికి బాకీ ఉన్నవారు ఇక తీర్చనక్కరలేదు.’ ఆ వాక్యంతో కొలత పెరిగి ఖర్చు ఎక్కువవుతుందని చెప్పాను. ‘వెయ్యండి, ఇది నాన్న చెప్పి వెళ్లిన మాట’ అన్నాడు. అజాతశత్రువులూ మహామనీషులూ ఒక్కరు కూడా గుర్తులేరు నాకు.

అచ్చు గురించి: మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీలు నాలుగు చొప్పున పెరగాలి, 24 గానీ 28 గానీ 32 గానీ. అచ్చుకు ఇచ్చేముందు ప్రూఫు ఇంటివాళ్లు కాక బయటివారు ఎవరైనా చదవాలి. మన కళ్లు మనవాళ్ల పేరులో తప్పును కూడా సరిగ్గానే చదివేస్తాయి. పోయిన తేదీ, తిథి రెండూ వెయ్యండి. తిథి తెలిసినవారు తర్వాతి తరంలో ఉంటారన్న నమ్మకం నాకు లేదు, తేదీ చూసి ఏటా చేసుకునేవారికి అదీ కావాలి. పని అయ్యాక ఆ చీటీలు మళ్లీ అదే పెట్టెలో పెట్టకు, రేకు తుప్పు కాగితానికి పట్టుకుంటుంది. మామూలు అట్టపెట్టె మేలు.

ప్రశ్న: మా అమ్మ ఏటా సింహాచలం గిరి ప్రదక్షిణ నాడు మాధవధార దగ్గర రోడ్డు పక్కన నిలబడి భక్తులకు మజ్జిగ పోసేది. రెండు పెద్ద బిందెలతో మొదలుపెట్టి, అయిపోతే ఇంటికి వెళ్లి మళ్లీ చేసి తెచ్చేది. అమ్మ పోయాక మేం అన్నదమ్ములం ముగ్గురం కలిసి అదే చోట పెద్ద షామియానా, మైకు, అమ్మ ఫొటోతో ఫ్లెక్సీ పెట్టి ఘనంగా చేద్దామనుకుంటున్నాం. సలహా ఇవ్వగలరు.
— ఒక సోదరుడు, మర్రిపాలెం

జవాబు: మైకు వద్దు. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు 32 కిలోమీటర్లు చెప్పులు లేకుండా నడిచేవాళ్లకు దారి పొడవునా ఇప్పటికే బోలెడు మైకులున్నాయి. ఫ్లెక్సీ మీ ఇష్టం. మీ అమ్మగారు మాత్రం తన ఫొటో పెట్టుకుని మజ్జిగ పోయలేదు కదా.

ఘనంగా చేయాలంటే నా ఉద్దేశంలో ఇలా చేయండి. కొండ కింద తొలి మెట్టు, అదే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరినవాళ్లు హనుమంతవాక, అప్పుఘర్, సీతమ్మధార దాటి మాధవధారకు వచ్చేసరికి దారిలో చాలా భాగం అయిపోయి ఉంటుంది, చాలామందికి రాత్రి కూడా అయిపోతుంది. మొదటి దఫా వాళ్లకు మజ్జిగ బాగుంటుంది. అర్ధరాత్రి దాటాక వానలో తడిసి వచ్చినవాడికి చల్లటి మజ్జిగ ఇస్తే మర్యాద కోసం తాగుతాడు. అప్పుడు అల్లం టీ కావాలి, కూర్చోవడానికి నాలుగు బల్లలు కావాలి, కాళ్లకు రాసుకోవడానికి కాస్త నూనె కావాలి. అమ్మగారు రాత్రి ఎన్నింటి దాకా ఉండేవారో గుర్తు చేసుకోండి, కనీసం అప్పటిదాకా మీరు ఉండండి.

ఇంకొకటి, ఉత్సాహంగా పంచేవాళ్లు ఎవరూ చూడనిది. తాగి పారేసిన కప్పులు, పిండిన నిమ్మతొక్కలు రోడ్డంతా పరుచుకుంటాయి, వెనక వచ్చేవాళ్లు వాటి మీదే ఒట్టి కాళ్లతో నడుస్తారు. మీ ముగ్గురిలో ఒకరు మజ్జిగ పోయండి, ఇద్దరు చీపుళ్లు పట్టుకోండి. స్టీలు గ్లాసులు పెట్టుకుంటే ఇంకా మంచిది, కడగడానికి ఒక డ్రమ్ము నీళ్లు. మజ్జిగలో అమ్మగారు ఏం వేసేవారో మీరు రాయలేదు. అల్లమా, కరివేపాకా, నిమ్మాకా? ముగ్గురికీ మూడు రకాలుగా గుర్తుంటే ఆశ్చర్యం లేదు, మీ అక్కచెల్లెళ్లను అడగండి. వాళ్ల సంగతి ఉత్తరంలో ఎక్కడా లేదేం?

ప్రశ్న: మా అమ్మమ్మ పోయినప్పుడు ఆవిడ కోరిక ప్రకారం కళ్లు దానం చేశాం. ఆ కళ్లు పెట్టుకున్నవారిని సంవత్సరీకానికి పిలిచి భోజనం పెట్టాలని మా అమ్మ కోరిక. వారిని ఎలా కనుక్కోవాలి?
— ఒక విద్యార్థి, మధురవాడ

జవాబు: కనుక్కోలేరు బాబూ. ఇచ్చినవారి వివరాలు పుచ్చుకున్నవారికి, పుచ్చుకున్నవారివి ఇచ్చినవారికి చెప్పరు. అదే పద్ధతి, అదే మంచిది కూడా. రేపు ఎవరైనా వెళ్లి ‘మా అమ్మమ్మ కళ్లు మీకున్నాయి, మా ఇంట్లో పెళ్లికి రావాలి’ అని మొదలుపెడితే ఆ మనిషి గతి ఏమిటి?

అమ్మగారికి ఇంకొకటి కూడా చెప్పు. పూర్తి కన్ను ఎవరికీ పెట్టరు. నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొరను, కార్నియాను, దెబ్బతిన్నవారికి అమరుస్తారు. రెండు కార్నియాలు ఇద్దరు వేర్వేరు మనుషులకు వెళ్లి ఉండవచ్చు. కాబట్టి పిలవాలన్నా ఒక విస్తరి చాలదు.

భోజనానికి వచ్చే బంధువులకు ఆరోజు ఏం జరిగిందో చెప్పండి, అది పనికొస్తుంది. చాలామంది కార్డు మీద సంతకం పెట్టి ఊరుకుంటారు. ఆ సమయానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకుని నేత్రనిధికి ఫోను చేయకపోతే ఆ కార్డుకు విలువ లేదు. ప్రాణం పోయిన ఆరు గంటల లోపల కార్నియా తీయాలి. వాళ్లు వచ్చేలోగా ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తుగా ఉంచాలి. ముఖం వికారంగా అవుతుందన్నది అబద్ధం. కళ్లద్దాలు ఉన్నా, శుక్లాల ఆపరేషను అయినా, వయసు మీరినా ఇవ్వవచ్చు. మీ అమ్మమ్మ విషయంలో ఆ ఏడుపుల మధ్య ఫోను చేసింది ఎవరు? నువ్వే అయితే, ఆ సంగతి నీ నోటితోనే చెప్పు. వినేవాళ్లలో ఒకరిద్దరు నంబరు రాసుకుంటారు.

ప్రశ్న: మా మేనమామ అందరికీ ఆప్తుడు. ఆయనవి రెండే నలుపు తెలుపు ఫొటోలు ఉన్నాయి. మా అబ్బాయి ఫోనులో ఏదో యాప్‌తో వాటికి రంగులు వేసి, ఆయన నవ్వుతూ తల తిప్పుతున్నట్టు వీడియో చేశాడు. చూసి అందరూ ఏడ్చారు. సంవత్సరీకానికి అదే పెద్ద తెర మీద వేద్దామంటున్నాడు. నాకెందుకో మనసు ఒప్పడం లేదు.
— ఒక గృహిణి, అక్కయ్యపాలెం

జవాబు: మీ మనసు సరిగ్గానే ఉందమ్మా. ఆయన తల అలా తిప్పేవారా? నవ్వితే ఏ పక్క పన్ను కనిపించేది? యాప్‌కు తెలియదు, అది ఏదో ఒక నవ్వు తెచ్చి అతికిస్తుంది. ఇప్పుడు మీకు తేడా తెలుస్తుంది. ఆయన్ని చూడని పిల్లలకు మాత్రం రేపటినుంచి అదే మేనమామ నవ్వు అయిపోతుంది.

అబ్బాయిని కోప్పడవద్దు, ప్రేమతోనే చేశాడు. ఆ నైపుణ్యాన్ని వేరే పనికి పెట్టమనండి. రెండు ఫొటోలనూ మంచి స్కానరు మీద, మరకలతో సహా ఉన్నవి ఉన్నట్టుగా స్కాన్ చేసి ఇంటిల్లిపాదికీ పంపమనండి. బంధువుల పెళ్లి ఆల్బములు తిరగేయమనండి. అందరికీ ఆప్తుడైన మనిషి ఎవరి పెళ్లిలోనో వడ్డన బకెట్టు పట్టుకుని వెనక వరసలో తప్పకుండా ఉంటాడు. రెండే ఫొటోలని మీరనుకుంటున్నారు, పది దొరుకుతాయని నా పందెం. దొరికిన ప్రతి ఫొటో వెనక అందులో ఉన్నవారి పేర్లు, ఊరు, ఎవరి పెళ్లో రాసి పెట్టండి. మెత్తటి పెన్సిలుతో, ఒత్తకుండా. బాల్‌పెన్నుతో రాస్తే గీతలు ముందువైపు ముఖాల మీదికి తేలతాయి.